ఒక్కరు కనపడని చదువు

ప్రజారోగ్య శాస్త్రంలో పైచదువులు పూర్తి చేసినవారికి ఒక్క మనిషి కనపడడం ఆగిపోతుంది. ఇది జబ్బు కాదు, అర్హత. ఎం.బి.బి.ఎస్. చదివేటప్పుడు విద్యార్థులు రోగిని విడిగానే చూస్తారు. నాలుక, కనురెప్ప, గోళ్లు అన్నీ కనిపిస్తాయి. ప్రజారోగ్యంలో పీజీ పట్టా చేతికి వచ్చేసరికి ఒక వీధికి తక్కువైతే జనం కనపడరు. పి.హెచ్.డి. అయ్యాక ఊరికి తక్కువైతే కనపడరు. ఉద్యోగంలో చేర్చుకునే ముందు కంటి పరీక్ష ఉంటుంది. ఎదురుగా కుర్చీలో ఒక గుమస్తాను కూర్చోబెట్టి, అందులో ఎవరున్నారని అడుగుతారు. ఖాళీగా ఉందన్నవారిని తీసుకుంటారు.

డాక్టర్ బమ్మిడి కుసుమలత ఖాళీగా ఉందని చెప్పి ఉద్యోగంలో చేరింది. ఈ శాఖవారు అద్దంలో తమను తాము కూడా చూసుకోలేరు కాబట్టి బొట్టు తడుముకుని పెట్టుకుంటారు. బొట్టు ఎంత పక్కకు జరిగి ఉంటే అంత పెద్ద అధికారి అని అటెండర్లు లేచి నిలబడతారు. మాటలు మాత్రం అందరివీ వినపడతాయి. అయితే చెవితో విన్నదాన్ని ఆధారంగా తీసుకోకూడదని నియమం.

తల్లిదండ్రులు లేని కుసుమలతను జీడివలసలో జీడిపిక్కలు కొట్టి చదివించింది ఆమె అప్ప, తోడబుట్టిన అక్క నీలవేణి. అప్పకు ఇప్పుడు కిడ్నీలు పాడయ్యాయి. ఊళ్లో చాలామందికి పాడయ్యాయి. డయాలసిస్‌కు పట్నం వెళ్లాలి. బస్సులో వెళ్లి రావడానికే ఉన్న ఓపిక అయిపోతోంది. ఊళ్లోనే కేంద్రం పెట్టాలంటే శాస్త్రవేత్త వచ్చి, కళ్లతో చూసి, జబ్బు శాతం సర్కారు గీసిన గీత దాటిందని సంతకం చేయాలి. ఆ ప్రాంతానికి శాస్త్రవేత్త కుసుమలతే.

అప్ప ఫోన్ చేసింది.

"ఒలే కుసుమా, నాను నీకు అగుపించాలంటే ఎంతమంది కావాలే?"

"ఊరంతా ఉండాలప్పా."

"ఊరంతా ఎక్కడుందే? సగంమంది పోనారు. కాళ్లున్నోల్లు వలసెల్లిపోనారు."

"అయితే నాకు తోటలే అగుపిస్తాయి. మనుషులు అగుపించరు."

అప్ప దుర్యోధన మావతో మాట్లాడతానంది. దుర్యోధన ఊరి పెళ్లిళ్లలో పెద్దగా తిరిగేవాడు. మగపెళ్లివారి ముందు జనం పలచగా కనపడకూడదని పక్క ఊళ్ల నుంచి మనుషులను అరువు తెచ్చుకోవడం అక్కడి అలవాటు. ఈసారీ ఆయన ట్రాక్టర్లు కట్టించి, మూడు ఊళ్ల జనాన్ని ఉతికిన బట్టలతో బడి మైదానంలో దింపించాడు.

"చూడ్డానికి బాగున్నోల్లు ముందుకి రండి," అన్నాడు. "మనూరి పరువురా. నీరసమోల్లు ఎనక్కి కూకోండి."

"అరువుకొచ్చినోల్లకి బోజనం ఉందేటి, మావా?" అని ఒకడు అడిగాడు.

"ముందు అగుపించరా. తరవాత తిందువు."

కుసుమలత జీపు దిగింది. ఇన్నాళ్లూ ఆమె కంటికి ఖాళీగా ఉన్న బడి మైదానంలో ఒక ఊరు కనపడింది. మొత్తం మీద ఆరోగ్యంగా ఉన్న ఊరు. అక్కడక్కడా కొద్దిగా జబ్బు ఉంది గాని గీతకు దిగువనే ఉంది. ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. దిగువనే ఉంది.

అరువు మాట ఆమె చెవిన పడింది. కాని అది విన్నమాట. పైగా అరువు వాళ్లను వెళ్లిపొమ్మంటే ఊరు కనపడదు. ఊరే లేనిచోట జబ్బు ఉండదు. వాళ్లను ఉంచితే జబ్బు గీత దాటదు. ఈ రెండింటికీ మధ్య ఇంకో దారి ఉందేమోనని ఆమె తన చదువంతా వెతికింది. చదువులో అది లేదు.

జనం వెనకాల నుంచి అప్ప గొంతు వినపడింది.

"ఒలే, అగుపించానేటే?"

కుసుమలత గొంతు వచ్చిన వైపు చూసింది. అక్కడ ఒక శాతం ఉంది.

"అగుపించావప్పా," అంది.

"చిక్కిపోనానా?"

"లేదప్పా. బాగున్నావు."

"మా చెల్లి నన్ను సూసినాది," అని అప్ప పక్కవాళ్లకు చెప్పుకోవడం వినపడింది. ఆ సంతోషం చాలాసేపు తగ్గలేదు. ఈలోగా కుసుమలత జబ్బు గీతకు దిగువనే ఉందని సంతకం చేసింది.

జీడివలస కోలుకున్న ఊరుగా నమోదైంది. ఊరివాళ్లు ఏం తిని కోలుకున్నారో తెలుసుకోవడానికి ఒక బృందం వచ్చింది గాని వాళ్లకు అక్కడ ఎవరూ కనపడలేదు. కుసుమలతకు పదోన్నతి వచ్చింది. ఇప్పుడామెకు జిల్లాకు తక్కువైతే కనపడదు.

వానలు మొదలయ్యాక దుర్యోధన ఫోన్ చేశాడు.

"మీ అప్ప పోనాదమ్మా."

 కుసుమలత నోటికి వచ్చింది అలవాటైన ప్రశ్నే.

"ఒక్కరేనా, మావా?"

"ఇప్పటికొక్కర్తేనమ్మా," అన్నాడాయన. ఎత్తిపొడవాలని కాదు, నియమం తెలుసు గనుకే అన్నాడు. "మిగతావోల్లం కూడా పోనాక మల్లీ ఫోన్ సేయిస్తాను."

ఆమె సరేనంది.