లింగప్ప గారి తొలి గోలు

బెళుగుప్ప శివార్లలోని బాలికల హ్యాండ్‌బాల్ గురుకుల అకాడమీ పదకొండు నెలలుగా దిగ్విజయంగా నడుస్తోందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇరవై మంది క్రీడాకారిణులున్నారు. కోచ్ ఉన్నాడు, వంటమనిషి ఉంది, రెండు గోల్‌పోస్టులున్నాయి. బంతి కూడా ఉంది, అద్దాల పెట్టెలో. ప్రారంభోత్సవం కాని బంతిని ముట్టుకోవడం మర్యాద కాదు గనుక ఇంకా ఎవరూ ముట్టుకోలేదు, అంతే.

ఆ బంతిని మొట్టమొదట విసరాల్సిన వారు ప్రోత్సాహక సంఘం అధ్యక్షులు లింగప్ప గారు. మొదటి ముహూర్తానికి ఆయనకు హిందూపురంలో పెళ్లి అడ్డం వచ్చింది. రెండోది అమావాస్య అని తర్వాత తెలిసింది. మూడోసారి షామియానా వేసి, మైకు "హలో, హలో" అంటుండగా వాన పడింది. మన కరువు జిల్లాలో వాన పడ్డాక సభలో కూర్చునే వెర్రివాడెవడండీ? జనమంతా చేలమీదికి పరుగెత్తారు. అందరికంటే ముందు లింగప్ప గారు పరుగెత్తారు. ఆయనది వేరుశనగ విత్తనాల కొట్టు.

ఈ ఆలస్యానికి అకాడమీలో బాధపడినది ఒక్క జయంతే. ఆమె గోల్‌కీపర్. వాళ్లమ్మ నల్లమ్మ ఇటుకల కూలి. నల్లమ్మ కిందనుంచి విసిరితే, కట్టే గోడ పక్కన కర్రల సారవ మీద నిలబడి జయంతి పట్టుకునేది. రెండేళ్లలో ఒక్క ఇటుక జారలేదు. జారితే పడేది అమ్మ నెత్తిన కదా! ఆ దారిన పోతూ చూసిన కోచ్ ఆంజినప్ప బండి ఆపి, "ఈ పాప ఈడ ఉండాల్సింది కాదు" అని తెచ్చి అకాడమీలో చేర్చాడు. జిల్లా జట్టుకు ఎంపికైతే హాస్టలూ చదువూ నిలుస్తాయి. కాకపోతే మళ్లీ సారవే. ఎంపిక వచ్చే నెల ఇరవై రెండున. ఆ మరుసటి వారం జయంతికి పదహారు నిండుతాయి, ఇక అవకాశం లేదు.

అలాగని సాధన ఆగలేదు. ఊహా బంతితో చేయించారు. రోజూ పొద్దున పిల్లలు లేని బంతిని విసిరేవారు, జయంతి లేని బంతిని ఆపేది.

"నా బంతి లోపలికి పోయినాది!" అని ఆశ్రిత అరిచేది.

"యాడ పోయినాది? ఇదో, నా చేతుల్లోనే ఉండాది సూడు!" అని జయంతి ఖాళీ దోసిలి చూపేది.

ఆంజినప్ప వచ్చి ఆ ఖాళీ దోసిలిని అటూ ఇటూ పరీక్షగా చూసి తీర్పు చెప్పేవాడు. ఒకసారి ఊహా బంతి గోడ దాటి పక్క కందిచేనిలో పడిందని గంటసేపు ఆట ఆగింది. ఇద్దరు పిల్లలు పోయి, వెతికి, తీసుకొచ్చారు.

చివరికి నాలుగో ముహూర్తం కుదిరింది, ఇరవై రెండుకు వారం ముందు. అధ్యక్షుల తొలి విసురు గోలు కాకపోతే అపశకునమని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. దాంతో బంతిని ఆపడం నేర్వాల్సిన జయంతికి వదలడంలో ప్రత్యేక శిక్షణ మొదలైంది.

"ఆయప్ప ఎడమపక్క యేస్తాడమ్మా. నువ్వు కుడిపక్క పడు" అన్నాడు ఆంజినప్ప.

"కుడిపక్కే యేస్తే?"

దీనిమీద అత్యవసర సమావేశం జరిగింది. కాఫీలు తాగారు. అధ్యక్షులు అలాంటి పని చేయరని తేల్చారు.

ఆ రోజు రానే వచ్చింది. లింగప్ప గారు ముప్పావుగంట మాట్లాడారు. "హ్యాండ్‌బాల్ మన రక్తంలోనే ఉండాది. మన రైతు చేత్తో విత్తుతాడు, చేత్తో కోస్తాడు, చేత్తోనే నెత్తి కొట్టుకుంటాడు. కాలితో ఏమన్నా చేస్తాడా?" చప్పట్లు మోగాయి. బంతికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, హారతి ఇచ్చి ఆయన చేతికందించారు. ఆయన ఎడమపక్కకే గురి చూశారు. కానీ తడి పసుపు కదా, బంతి జారి కుడిపక్కకు పోయింది. ఆ పక్కనే, ఆదేశానుసారం, జయంతి పడుతోంది. ఆమె చేతులకు తీర్మానాలు తెలియవు. అవి పట్టేసుకున్నాయి.

వెనక వరసలోంచి నల్లమ్మ ఒక్కతే "భేష్ పాపా!" అని అరిచి, చుట్టూ చూసి కూర్చుంది.

ఆంజినప్ప పరుగున వచ్చాడు. "యమ్మా, దాన్ని వలలో యేయి తల్లీ. లేకుంటే ప్రారంభం కానట్టే, మళ్లీ పెట్టెలోకి పోతాది. ఇరవై రెండు ఎంతో దూరం లేదు."

జయంతి చేతుల్లోకి చూసుకుంది. పదకొండు నెలలకు దొరికిన నిజం బంతి. ఇటుకకంటే ఎంత తేలిక! అయినా ఏం చేస్తుంది, భుజం మీదుగా వెనక్కి వేసింది. మైకు "గోల్!" అని గర్జించింది. మరునాడు పత్రికలో ఫొటో పడింది: లింగప్ప గారి చేతులు ఆకాశంలో, బంతి వలలో, జయంతి నేలమీద. 'అరవై రెండేళ్ల వయసులో తొలి విసురుకే గోలు.'

ఆ వారంలో జయంతి నిజం బంతిని వందలసార్లు ఆపింది. ఇరవై రెండున అనంతపురం వెళితే, ఎంపిక సంఘం పెద్ద ముందు ఆ పత్రికే ఉంది.

"ముసలాయన యేసిందే ఆపలేకపోయినావు, జిల్లాకేం ఆపుతావమ్మా?"

"ఒక్కటి యేసి సూడండి సార్."

"పేపర్లో వచ్చినాక ఇంక సూసేదేముండాది?"

జాబితా వెలువడింది. అందులో జయంతి పేరు లేదు. ప్రోత్సాహక విభాగం కింద లింగప్ప గారి పేరు ఉంది.

ఇప్పుడు అకాడమీ వాకిట్లో 'తొలి గోలు స్మారక తోరణం' కడుతున్నారు. నల్లమ్మ కిందనుంచి ఇటుకలు విసురుతోంది, జయంతి సారవ మీద అందుకుంటోంది. మొన్న పనులు చూడటానికి లింగప్ప గారు కారు దిగి, నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయారు.

"ఏమప్పా ఆంజినప్పా, ఆ పాప చేతులు సూసినావా? ఇట్లాంటోళ్లను కదప్పా మన అకాడమీలో చేర్చుకోవల్ల!"

ఆంజినప్ప తల దించుకున్నాడు. ప్రతిభను ఇట్టే పసిగట్టే ఆ పెద్దాయన చూపుకు ముచ్చటపడి, చుట్టూ ఉన్న మనమంతా మరోసారి చప్పట్లు కొట్టాం. జయంతి మాత్రం కొట్టలేదు. ఆమె చేతుల్లో ఇటుక ఉంది.