చూడచక్కని తెర

లీమా నగరంలో ఉద్యోగాల్లో వివక్ష మార్చి నెల మొదటి సోమవారం, భోజనాల వేళకు ముందే రద్దయింది. ఇకపై ఇంటర్వ్యూకు వచ్చినవాళ్లు తెర వెనక కూర్చోవాలి. అధికారులు గొంతు వినాలి, ముఖం చూడకూడదు.

"ఈ దేశంలో ఇక ముఖాలు లేవు. ప్రతిభ మాత్రమే ఉంది!" అని కార్మిక మంత్రి ప్రకటించారు.

తెరల టెండరులో ఒకే షరతు పెట్టారు: తెర చూడచక్కగా ఉండాలి. తెర లాగడానికి కొత్తగా మనుషుల్ని తీసుకున్నారు. వాళ్లు అందరికీ కనబడతారు గనుక వాళ్లను మాత్రం ముఖం చూసి ఎంపిక చేశారు.

శాన్ హువాన్ కొండ మీద ఉండే నెలిదాకు ఇది మంచి కబురు. హోటలు చదువు చదివి, ఇంగ్లీషూ ఫ్రెంచీ నేర్చుకుని, ఏళ్ల తరబడి హోటళ్ల లాండ్రీల్లో దుప్పట్లు ఉతుకుతోంది. ముందు హాల్లో, వచ్చినవాళ్లకు ఎదురుగా నిలబడాలని ఆమె కోరిక. ఆ పని ప్రకటనలన్నీ "చూడచక్కని రూపం కావలెను" అనే అడిగేవి.

"వెళ్లవే, నీ మొహం తెరకేం తెలుసు!" అంది వీధిలో మూలికల కషాయం అమ్మే పిన్ని ఎర్మెలిందా. "జుట్టు మాత్రం శుభ్రంగా దువ్వుకో."

"తెర వెనక కూర్చోడానికి దువ్వుకోవడం దేనికి పిన్నీ?"

"తెర లాగేవాడు చూస్తాడుగా!"

డబ్బున్నవాళ్ల పేట మిరాఫ్లోరెస్‌లోని ఒక హోటల్లో నెలిదా తెర వెనక కూర్చుని, వాళ్లు అడిగినవాటికల్లా రెండు భాషల్లోనూ జవాబు చెప్పింది. మేనేజరు ఆరోస్పిదే పొంగిపోయి అక్కడికక్కడే నియామకపత్రం మీద సంతకం పెట్టాడు. తెర తీశారు. ఆయన మళ్లీ వేయించాడు.

"అమ్మాయ్, నిన్ను తీసేస్తే చట్టం ఊరుకోదు. నిన్ను పెట్టుకుంటాం. తెరను కూడా పెట్టుకుంటాం."

"ఎక్కడ సార్?"

"నీ ముందే."

రిసెప్షన్ బల్ల మీద తెర వేలాడింది. అతిథులు తెర కింద నుంచి పాస్‌పోర్టులు అందించారు. తెర మర్యాదను మెచ్చుకున్నారు, తెర పక్కన నిలబడి ఫోటోలు దిగారు. మంత్రిగారు స్వయంగా వచ్చి పథకం విజయానికి గుర్తుగా తెరకు పతకం గుచ్చి వెళ్లారు.

ఒకరోజు పొద్దున్నే నెలిదా తెర విప్పి లాండ్రీకి పంపేసింది. బల్ల వెనక నిటారుగా నిలబడింది. పెట్టెలతో ఒకావిడ వచ్చింది.

"ఏమ్మా, ఇక్కడ ఎవరూ లేరా?"

"నేనున్నానండీ."

"అదే, ఎవరూ లేరా అంటున్నా. ఆ తెర ఏమైంది? ఎంత బాగా మాట్లాడేదో!"

"లాండ్రీలో ఉందండీ. ఇదివరకు నేనున్న చోటే."

"అయితే అది ఆరేదాకా కూర్చుంటాం," అంది ఆవిడ. ఆమె వెనక వచ్చినవాళ్లంతా కూడా సోఫాల్లో కూర్చున్నారు.

నెలిదా ఫిర్యాదు చేసింది. ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. సంఘం అందరి మాటా విని తేల్చింది: ముఖం చూసి వివక్ష చూపడమే నేరం, అతిథులు ఆమె ముఖం వైపు చూడనే లేదు గనుక నేరం జరగలేదు. తెర ఉతికి, పతకంతో సహా మళ్లీ కట్టారు.

చట్టాన్ని గౌరవించి, నెలిదా ఎలా ఉంటుందో ఈ కథలో ఎక్కడా రాయలేదు. పాఠకులకు దానివల్ల ఇబ్బంది కలిగినట్టు లేదు. మేనేజరు తెర మళ్లీ ఎందుకు వేయించాడో ఒక్కరూ అడగలేదు.