పొరకు పెట్టిన బొట్టు

సకల జనులకూ తెలియజేయడమేమనగా, సిలికాన్ శకం ముగిసింది. ముగించినది అమలాపురంలోని ఒక ప్రైవేటు కాలేజీ. నమ్మరా? గేటు దగ్గర ఫ్లెక్సీ ఉంది, వెళ్ళి చూసుకోండి.

ఆ కాలేజీలో ఫిజిక్సు చెప్పే రత్నమాల పాపం ఇంత గొడవ కోరుకోలేదు. చిప్పులో ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవైపోతే సిలికాన్‌కి చేతకాదు. మూసిన లాకులోంచి కాలువ నీళ్ళు కారినట్టు కరెంటు కారిపోతుంది. అందుకని ఆవిడ మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే నల్లటి ఖనిజానికి టేపు అంటించి, ఒలిచి, ఒలిచి, ఇంకా ఒలిచి, మూడే పరమాణువుల మందం ఉన్న పొర ఒకటి సాధించింది. దానితో ట్రాన్సిస్టరు కట్టింది. మర్నాడు ఢిల్లీ నుంచి వచ్చే నిపుణుల ముందు అది పనిచేస్తే ల్యాబు నిలుస్తుంది. లేకపోతే ఆ గది విరిగిన బెంచీలకు పోతుంది.

కాలేజీ కరస్పాండెంటు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు దూరదృష్టి గల మనిషి. నిపుణులకన్నా ముందు ప్రారంభోత్సవం జరిగి తీరాలని కనిపెట్టింది ఆయనే.

"పూతరేకు పుట్టిన గడ్డండీ ఇది! పలచన అంటే ఏంటో ప్రపంచానికి నేర్పింది మనవేనండీ! ఈ రేకు మనకో లెక్కాండీ?"

సభ మొత్తం "ఆయ్!" అంది. ఇందులో బెల్లం ఎప్పుడు వేస్తారని వెనక వరసలోంచి ఎవరో అడిగారు. ప్రశ్న సమంజసమే.

తరవాత అందరూ ల్యాబులోకి నడిచారు. కొబ్బరికాయ కొట్టారు. నీళ్ళు మైక్రోస్కోపుకి కూడా అందాయి. కరస్పాండెంటు గారు కుంకుమ భరిణె అందుకునేసరికి రత్నమాలకి పైప్రాణాలు పైనే పోయాయి.

"వద్దండీ బాబూ! వేలు తగిలితే పోద్దండి!"

"ఏం పోదమ్మా. జిరాక్సు మిషనుకే బొట్టెట్టేం. చదువుకున్నోరు, అవేం మాటలండీ?"

ఎక్కడ పెట్టాలో కనపడక ఆయన కళ్ళజోడు సవరించుకుని మరీ, తడి కుంకుమతో, సరిగ్గా పొర మీదే నొక్కారు.

రత్నమాల భోరున ఏడ్చింది. ఆనందబాష్పాలని పేపర్లో వేశారు.

మర్నాడు నిపుణులు మీటరు తగిలించారు. ముల్లు కదలలేదు. సాయంత్రానికి బెంచీలు వచ్చేశాయి.

అయినా మనవాళ్ళు ఓటమి ఒప్పుకుంటారా? గుమ్మం పక్కన నల్ల గ్రానైటు పలక వేయించారు. మూడంగుళాల మందం. పేర్లన్నీ బంగారు అక్షరాల్లో చెక్కించారు, రత్నమాలది తప్ప. చోటు చాలలేదట. సిలికాన్‌కి బదులు మనకు దొరికిన పదార్థం అదే. మనమంతా దాని ముందు సెల్ఫీలు దిగాం, బాగానే వచ్చాయి. ఆ ఫోన్లలో చిప్పులు ఎవరు చేశారో గానీ, మనలా ప్రారంభోత్సవాలు చేసుకునే తీరిక వాళ్ళకి లేదు కాబోలు, పాపం.