ఎడమ పక్కది గున్నకి

ఆ రోజు పొద్దున డాక్టరు వేసుకున్న పథకంలో మూడే పనులు. ఎనిమిదింటికి టీకా మందు సిరంజిలోకి ఎక్కించడం, పదింటికి గున్న ఏనుగుకు పొడవడం, ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి తిని పడుకోవడం. ఆ మూడోది రాసింది ఆయన కాదు, ఆయన భార్య. రెండేళ్ళుగా ఆయనకు కంటిమీద కునుకు లేదు. ఆయన పక్కన పడుకున్న పాపానికి ఆవిడకూ లేదు.

తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, అది పడిందో లేదోనని వెనక్కొచ్చే రకం ఆయన. ఆ ఏనుగుల సంరక్షణ కేంద్రంలో అందరూ ఆయన్ని చాటుగా "మళ్ళీచూద్దాం డాక్టరు" అనేవారు. అయితే ఈసారి కంగారుకు కారణం ఉంది. గున్న ఏనుగులకు ఒక వైరస్ జబ్బు వస్తుంది. పొద్దున బురదలో దొర్లి ఆడిన పిల్ల మర్నాటికి ఉండదు. ఈ గున్నకు ముందు పుట్టిన అన్న రెండేళ్ళ కిందట అలాగే పోయాడు. వాడి చెవి నిమురుతూ చివరిదాకా కూర్చున్నది ఈ డాక్టరే. అప్పట్నుంచి టీకా పనిలో పడి తిండీ నిద్రా మరిచాడు. ఇన్నాళ్ళకు తయారైంది ఒకే ఒక్క డోసు. ఇంకోటి కావాలంటే నాలుగు నెలలు ఆగాలి. తల్లిపాలతో వచ్చిన రక్షణ తగ్గిపోతున్న గున్నకు అంత వ్యవధి లేదు.

గున్న సూదికి బెదరకుండా రెండు నెలలపాటు రోజూ పదింటికి ఉత్త సెలైన్ పొడిచి, అరటిపండు పెట్టి అలవాటు చేశారు. అరటిపండు చూశాక తల్లి ఊరుకుంటుందా? తనకూ పొడవమని భుజం తెచ్చి కటకటాలకు ఆనించేది. కాదంటే నీళ్ళతొట్టి తిరగేసేది. దాంతో రోజూ రెండు సిరంజిలు. ట్రేలో ఎడమ పక్కది గున్నకి, కుడి పక్కది తల్లికి. చీటీ అంటిస్తే గున్న తొండంతో పీకి నమిలేస్తుంది. సిరంజి రంగు మారితే అసలు దగ్గరికే రాదు. అందుకని రెండూ అచ్చం ఒకేలా ఉండాలని పట్టుబట్టింది కూడా డాక్టరే.

ఎనిమిదింటికి ఎడమదాంట్లో టీకా, కుడిదాంట్లో సెలైన్ నింపి, కటకటాల పక్క గదిలో బల్లమీద పెట్టాడు. పదింటికి వచ్చి, ఎడమది తీసి గున్నకు, కుడిది తల్లికి పొడిచాడు. ఇద్దరూ అరటిపండ్లు తిన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఖాళీ సిరంజిలు అరగంటలో కాల్చేసే కొలిమిలోకి వెళ్ళిపోయాయి. డాక్టరు ఇంటికొచ్చి, ఒంటిగంటకు సరిగ్గా కంచం ముందు కూర్చున్నాడు. రెండో ముద్ద నోట్లో ఉండగా కాంపౌండరు ఫోన్ చేశాడు.

"సార్, చిన్న విషయం. పొద్దున మీరు ట్రేని సూదులు గుమ్మం వైపు ఉండేట్టు పెట్టేసి వెళ్ళారు. నేను చూసి తిప్పి పెట్టాను. మీరు పెట్టిన రూలే కదా సార్."

డాక్టరుకు ముద్ద గొంతులో అడ్డంపడింది. ఆ గదికి రెండు గుమ్మాలు. ఒకటి ల్యాబు వైపు, ఒకటి ఏనుగుల దొడ్డి వైపు. రెంటి మీదా ఆయన చేతిరాతతోనే ఒక నోటీసు ఉంది, లోపలికి వచ్చేవారి వైపు సూది మొనలు ఉండరాదని. ఆయన ల్యాబులోంచి వచ్చి మొనలు దొడ్డి వైపు పెట్టాడు. కాంపౌండరు దొడ్డిలోంచి వచ్చి ల్యాబు వైపు తిప్పాడు. ట్రే తిరిగితే ఎడమది కుడికి పోతుంది. పదింటికి తాను చేయి చాపినప్పుడు మొనలు ఎటున్నాయో ఆయన చూడలేదు, గున్న కళ్ళలోకే చూస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన మళ్ళీ చూడని క్షణం అదొక్కటే.

కంచం వదిలి, చేయి కూడా సరిగ్గా కడుక్కోకుండా పరిగెత్తాడు. దొడ్డిలో ముసలి మావటి గడ్డి వేస్తున్నాడు. విషయం విని తాపీగా తల గోక్కున్నాడు. కాంపౌండరు వెళ్ళాక తాను ల్యాబు గుమ్మంలోంచి వచ్చాననీ, సూదులు తనవైపే ఉంటే తిప్పాననీ చెప్పాడు. అంటే రెండుసార్లు తిరిగింది, మొదటికే వచ్చింది. డాక్టరు మావటి తాతను కావలించుకుని, వెంటనే భార్యకు ఫోన్ చేశాడు.

"అయితే ఇంకెవర్నీ ఏమీ అడక్కుండా ఇంటికొచ్చెయ్యండి," అంది ఆవిడ.

బంగారం లాంటి సలహా. డాక్టరు గేటుదాకా వెళ్ళాడు కూడా. అక్కడ ఆగి, ఎందుకైనా మంచిదని డైరెక్టరుగారిని ఒక్క మాట అడిగి పోదామని వెనక్కి తిరిగాడు.

డైరెక్టరుగారు ప్రశ్న విని, లేచి తలుపు వేసి వచ్చారు. తొమ్మిదిన్నరకు చూడవచ్చిన పెద్దమనుషులను దొడ్డి వైపు నుంచి తానే లోపలికి తీసుకొచ్చారట. తమ కేంద్రంలో క్రమశిక్షణ ఎలాంటిదో చూపించడానికి నోటీసు పైకి చదివి, వాళ్ళ కళ్ళముందే ట్రే తిప్పి చూపించారట.

"వాళ్ళు మెచ్చుకున్నారు కూడా," అన్నారాయన నీరసంగా.

మూడుసార్లు. అంటే టీకా తల్లికి పోయింది. డైరెక్టరుగారు కాంపౌండరునూ మావటినీ పిలిపించి, ట్రేలో రెండు కలాలు పెట్టి, ఎవరు ఏ గుమ్మంలోంచి వచ్చారో నడిచి చూపించమన్నారు. నలుగురూ వస్తూ పోతూ తిప్పుతూ ఉంటే, గదులు తుడిచే ఆవిడ బకెట్టుతో వచ్చి కాసేపు చూసింది.

"ఆ ట్రేనా? బల్ల తుడుస్తూ నేనూ ఎత్తిపెట్టాను. ఎటు పెట్టానో నాకేం తెలుసు బాబూ. సూదులు చూసుకుంటూ కూర్చుంటే బల్లలెవరు తుడుస్తారు?"

ఇక లెక్కకు అందలేదు. తల్లి రక్తం చూసి లాభం లేదు, పెద్ద ఏనుగులకు ఆ వైరస్ ఎప్పుడో వచ్చిపోయి, యాంటీబాడీలు ముందే ఉంటాయి. గున్న రక్తంలో తేలాలంటే మూడు వారాలు ఆగాలి. ఆ సాయంత్రం డాక్టరు కటకటాలకు నుదురు ఆనించి, "ఈసారి మళ్ళీ చూడలేదమ్మా, నన్ను క్షమించు," అన్నాడు. గున్న ఆయన జేబులో అరటిపండు కోసం వెతికింది.

ఆ మూడు వారాలూ ఆయన కాలు ఒకచోట నిలవలేదు. జబ్బు వస్తే ముందు నాలుక నీలబడుతుంది కాబట్టి గంటకోసారి వెళ్ళి గున్న నోరు తెరిపించేవాడు. ఇంట్లో భార్య కాఫీ ఇస్తుంటే నాలుక చూపించమన్నాడు. ఆవిడ చూపించింది, ఆయన కోరిన పద్ధతిలో కాదు.

ఇరవై రెండో రోజు రిపోర్టు వచ్చింది. గున్న రక్తంలో యాంటీబాడీలు పుష్కలంగా ఉన్నాయి. డాక్టరు మళ్ళీ చూశాడు. పరీక్ష ఇంకో రెండుసార్లు చేయించి మరీ చూశాడు. తర్వాత దొడ్డిలో గడ్డిమోపు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పోయిన అన్న తలపుకొచ్చాడు, ఇదొక్కటీ దక్కిందన్న సంతోషం ఆగలేదు. మావటి వచ్చి పక్కన కూర్చున్నాడు.

నాలుగు నెలలకు రెండో డోసు వేళయింది. పైనున్న నిపుణుల సంఘం ఉత్తరం రాసింది, మొదటి డోసు దివ్యంగా పనిచేసింది కాబట్టి రెండోది కూడా ఇసుమంతైనా మార్పు లేకుండా అదే పద్ధతిలో ఇవ్వాలని. డైరెక్టరుగారు ఆ మాటను అక్షరాలా పాటించారు. కాంపౌండరు దొడ్డిలోంచి వచ్చి తిప్పాడు. మావటి ల్యాబులోంచి వచ్చి తిప్పాడు. పెద్దమనుషులను మళ్ళీ పిలిపించి డైరెక్టరుగారు తిప్పారు. బల్ల తుడిచే ఆవిడ రాగానే, కిందటిసారి ఎవరూ చూడలేదు కనుక, అందరూ గోడవైపు తిరిగి నిలబడ్డారు.

డాక్టరు ఒక్కడే నిశ్చింతగా ఉన్నాడు. ఈసారి మందు రెండు డోసులకు సరిపడా తయారైంది, ఆయన రెండు సిరంజిల్లోనూ టీకాయే నింపాడు. ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు, చెబితే ఎవరో ఒకరు సరిచేస్తారు.