స్తంభం పక్క సైకిలు

మర్నాడు పై అధికారి కారులో దిగుతాడు. ఆలోగా సైకిల్ స్టాండులో సగం కార్లకు ఇచ్చేసి హాయిగా ఇంటికెళ్లాలని స్టేషన్ మాస్టరు ఆ ఉదయం అనుకున్నాడు. మొదటి గీత ఆరగానే ప్రారంభోత్సవంలా తన కారే పెట్టాడు.

పొగమంచులో పెయింటరు గీతలు గీసుకుంటూ వచ్చాడు. చివరి గీత పడాల్సినచోట, దీపస్తంభానికి ఆనుకుని బూడిదరంగు సైకిలొకటి ఉంది. దాన్ని ఎత్తుకెళ్లి చీకటి పార్సిల్ గదిలో పడేశాడు. ఇంతలో బండొచ్చింది. మాస్టరు జెండాతో పరిగెత్తాడు, పెయింటరు టీకి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి స్తంభం పక్కన అదే సైకిలు. సీటు మీద మంచు తడైనా లేదు.

"పడేశానన్నావ్?"

"నా చేతుల్తో పడేశాను సార్!"

"మరి ఇదేంటి, మా తాతొచ్చి పెట్టాడా?"

"తాతగారు పోయారన్నారుగా సార్..." పెయింటరు రెండడుగులు వెనక్కి వేశాడు.

బండి వచ్చి వెళ్లినప్పుడల్లా ఇదే తంతు. పెయింటరు పార్సిల్ గదిలోకి చూడటం మానేశాడు. కళ్లు మూసుకుని సైకిలు లోపలికి తోసేసి పరిగెత్తుకొచ్చేవాడు. వెనక చీకట్లో సైకిల్ గంట సన్నగా మోగేది.

బండెక్కి తిరిగిరాని మనిషి సైకిలట అన్న మాట టీకొట్టు దాటింది. కార్లవాళ్లు దిగకుండానే వెనక్కి తిప్పుకున్నారు. మాస్టరుకు ఇంటినుంచి భార్య ఫోన్ చేసింది.

"దాన్ని ముట్టుకున్నారా?"

"వాడు ముట్టుకున్నాడు. నేను చెప్పానంతే."

"అయినా సరే, స్నానం చేశాకే గుమ్మం ఎక్కండి."

సాయంత్రం మంచు మళ్లీ దిగింది. బండిలోంచి తెల్లబట్టల ఆడవాళ్లు దిగి, మాటా పలుకూ లేకుండా వరసగా స్తంభం దాకా నడిచారు. ఆగారు. అందరూ ఒక్కసారే మాస్టరు వైపు తిరిగారు. పెయింటరు కెవ్వుమని రంగు డబ్బా విసిరేశాడు. అది వెళ్లి మాస్టరు కారు అద్దం మీద బోర్లా పడింది.

"మా సైకిళ్లేవండీ?" అందరిలోకీ పెద్దావిడ అడిగింది.

"సైకిళ్లా? ఒక్కటేగా తల్లీ!"

"తల్లేంటండీ, నర్సులం! ఆస్పత్రివాళ్లు నిన్ననే అందరికీ ఒకే రకం ఇచ్చారు. పొద్దున ఒక్కొక్కరం ఒక్కో బండికి వెళ్తాం. మీ గీతల పుణ్యమా అని స్తంభం పక్క తప్ప చోటే లేదు."

పార్సిల్ గది తలుపు తీయగానే సైకిళ్ల గుట్ట గంటలు మోగించుకుంటూ మాస్టరు కాళ్ల మీదికి జారింది. ఏది ఎవరిదో తాళంచెవులు పెట్టి తేల్చుకుంటుంటే, సగం గీతలు చెరిపేయమని ఆయన పెయింటరుకు చెప్పాడు. కారు అద్దం నిండా తెల్లరంగు గట్టిపడింది. చివరికి జాలిపడి పెద్దావిడే ఆయన్ని తన సైకిలు వెనక ఎక్కించుకుంది.

దారిలో ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి తోయమంది.