షర్లీ వంటింట రెండు ఓడల సమరం

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఒక్కటే. ఎనభై ఒకటో ఏట మా అమ్మమ్మ అట్లాంటిక్ నడిమధ్యన, తలుపు వేసున్న ఓడ గదిలో ఒంటరిగా కాలు జారి పడితే, పొద్దున పక్క సర్దే మనిషి వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ఆ భయం లేకపోతే, ఇద్దరు ముసలమ్మలు టీ తాగుతూ తగువాడుకున్న సంగతిని నేను ఇంత పెద్ద మాటలతో ఎందుకు రాస్తాను?

కనుక వినుడు. ఇతర రేవులన్నియు ఒక్కసారి పోటెక్కి ఊరకుండగా, పోటెక్కి, కొంత తగ్గి, ఏదో మరచిపోయినట్లు మరల పోటెక్కు జంటపోట్ల సాగరముఖమున వెలసినదియు, నిరంతరమేఘమాలికావృతగగనయు, గాలికి విరిగిన గొడుగుల అస్థిపంజరములతో నిండిన చెత్తడబ్బాలు గలదియు, నౌకాకోటికి పుట్టినిల్లును అగు సౌతాంప్టన్ మహానగరమున, షర్లీ అను పేటయందు, అక్టోబరు మాసపు మూడవ బుధవారమున, మధ్యాహ్నము మూడు గంటల పది నిమిషములకు, మా అమ్మమ్మ వంటింటి కెటిల్ శంఖమువలె మ్రోగెను. ఆ శంఖారావము వెంటనే కదనరంగమున ఇరువురు వీరాంగనలు ఎదురెదురుగా కుర్చీలు లాగుకొని ఆసీనలైరి.

ఒకామె ఎనిడ్ పర్కిస్, మా అమ్మమ్మ. మా తాతయ్య లెన్ పెద్ద లైనర్ ఓడల్లో రొట్టెలు కాల్చేవాడు. అట్లాంటిక్‌ను మూడు వందలసార్లకు పైగా దాటాడు. అమ్మమ్మ ఒక్కసారీ దాటలేదు. ప్రతిసారీ రేవుగట్టున నిలబడి చేతులూపింది. రెండో ఆమె ఏవిస్ బిడిల్‌కూంబ్, తాతయ్య చెల్లెలు, అమ్మమ్మకు స్వయానా ఆడపడుచు, వయసులో నాలుగేళ్లు చిన్న. ముప్పై ఏళ్లు రేవు పక్క లాండ్రీలో ఓడల టేబుల్ గుడ్డలు ఇస్త్రీ చేసిన భుజబలశాలిని.

ఈ వంశమునకు ఒక వ్రతము కలదు. ఆకాశయానములు వచ్చి లైనర్ల ప్రయాణికులనందరిని తన్నుకుపోయిన కాలమున, మా తాతయ్యకు ఒకే ఒక్క ఉత్తరంతో ఉద్యోగం ఊడింది. ఆనాటినుండి పర్కిస్ ఆడపడుచులు గాని, కోడళ్లు గాని, వారి కడుపున పుట్టినవారు గాని విమానము ఎక్కరాదు. మా అమ్మ హనీమూన్‌కు స్పెయిన్ వెళ్లింది, బస్సులో.

తాతయ్య పోయి రెండేళ్లయింది. బతికుండగా తనూ ఒక్కసారి ఆ సముద్రం దాటాలని ఈ ఏడు అమ్మమ్మకు పుట్టింది. తోడు నేనొస్తానంది ఏవిస్. రెండు పడకల గది, ఇద్దరూ కలిసి. అది విని నాకు ఆ వారం నిద్ర పట్టింది. కానీ ఏ ఓడ అనే ప్రశ్న ఒకటి మిగిలిపోయింది.

ఓడలు రెండు. ఒకటి లైనర్, మగ్గములో నాడెవలె సౌతాంప్టన్‌కు న్యూయార్కుకు నడుమ, ఏడేసి రాత్రులలో, ఎచ్చటను ఆగక, ఉత్తుంగతరంగవక్షోవిదారణైకదీక్షతో సంచరించునది, దాటుటకే పుట్టినది. రెండవది విహారనౌక, వేసవి అంతయు మా చల్లని నీళ్లలో తిరిగి, చలి మొదలుకాగానే కొంగలవలె వెచ్చని దీవులకు మకాము మార్చునది. ఎలాగూ పోవాలి, ఖాళీగా పోవడమెందుకని దానికీ టిక్కెట్లు అమ్ముతారు. టిక్కెట్ల దుకాణంలో క్లైవ్ దాన్ని రీపొజిషనింగ్ క్రూజ్ అన్నాడు. మా ఇంట్లో వలస ఓడ అనేశారు. దీవి దీవికీ ఆగుతూ పద్నాలుగు రాత్రులకు ఫ్లోరిడా చేరుతుంది. రెంటిలోనూ నవంబరు ప్రయాణానికి ఒక్కో గది పట్టి ఉంచాననీ, ఆ సాయంత్రం ఐదున్నరకు దుకాణం మూసేలోపు ఏదో ఒకటి తేల్చాలనీ క్లైవ్ చెప్పాడు. తేలకపోతే ఎవరి ఓడ వారిది, ఎవరి గది వారిదని వీళ్లిద్దరూ ముందే పంతం పట్టారు. ఆ మాట విన్నప్పటినుంచీ నాకు మళ్లీ నిద్ర లేదు.

అంతట ఏవిస్, నాసికాగ్రవిలంబితోపనేత్రయై, జానుపీడావివర్ధితక్రోధయై, వలస ఓడ బ్రోషరును ఖడ్గమువలె ఝళిపించి, హిమవాతఘోరమైన ఉత్తరమార్గమును విడిచి, దినకరకిరణపరిష్వంగసుఖదమైన దక్షిణమార్గమును ఆశ్రయించుటయే మోకాళ్లు గలవారికి పరమధర్మమని ఉపన్యసించెను. ఆమె నోట వచ్చిన మాటలు మాత్రం ఇవి:

“వదినా, ఆ లైనర్లో ఏడు రోజులు కిటికీలోంచి ఏం చూస్తావ్? అంట్లు కడిగిన నీళ్లలాంటి సముద్రం. దానికి ఓడెందుకు, నీ సింకు చాలదూ?”

అమ్మమ్మ చలింపలేదు. టీలో ముంచిన బిస్కెట్టు సగము విరిగి మునుగగా, దానిని చెంచాతో సముద్ధరించి, భుజించి, పిమ్మట పలికెను.

“ఓడన్నాక దాటాలే ఏవిస్. నీది మన ఊరి బస్సులా ప్రతి దీవి దగ్గరా ఆగి, ముసలాళ్లని దింపి ఎక్కించుకుంటుంది.”

“మరి మనమెవరం?” అంది ఏవిస్.

ఇరుపక్షములును ఇంకొక కప్పు పోసికొనెను. పిమ్మట యుద్ధము దుస్తులమీదికి మరలెను. లైనర్లో కొన్ని సాయంత్రాలు మంచి గౌను, నగా నట్రా వేసుకుని భోజనానికి వెళ్లాలి. ఏవిస్‌కు అది గిట్టదు. ముప్పై ఏళ్లు ఆ టేబుల్ గుడ్డల ముడతలు తీసిన దాన్ని, ఇప్పుడు వాటి ముందు కూర్చోడానికి నేను ముస్తాబవ్వాలా అని ఆమె వాదం.

“వాటి మీద ఒక్కసారి సూప్ ఒలకబొయ్యడానికైనా రావే,” అంది అమ్మమ్మ.

ఏవిస్ పెదవి కొస కదిలింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వితే యుద్ధం అయిపోయేది. కానీ అమ్మమ్మ, గెలుస్తున్న సేనాని ఆగవలసినచోట ఆగక, అంబులపొదినుండి బ్రహ్మాస్త్రమును తీసెను.

“అది సరే. ఫ్లోరిడా నుంచి తిరిగి ఎలా వస్తావు?”

అష్టదిక్కులును స్తంభించెను. ఫ్రిజ్ గురగుర ఆగెను. వాన మాత్రము కురియుచుండెను.

“అక్కడికెళ్లాక చూద్దాంలే అనుకున్నా,” అంది ఏవిస్, కప్పులోకి చూస్తూ.

“విమానం ఎక్కుతావన్నమాట.”

“నేనన్నానా?”

“నువ్వు అనలేదు. నీ బ్రోషరు అంటోంది, పద్నాలుగో పేజీలో. మా ఆయన ఉంటే ఏమనేవాడో.”

ఏవిస్ కప్పు కింద పెట్టింది. “మా అన్నయ్య మూడొందల సార్లు వెళ్లాడు వదినా. ఒక్కసారైనా నిన్ను తీసుకెళ్లాడా? ఆయన పేరు చెప్పి నన్ను లైనర్ ఎక్కించకు.”

ఆ మాట ఎక్కడ తగిలిందో నాకు కనిపించింది. అమ్మమ్మ లేచింది. లేవడానికి టేబుల్ అంచు పట్టుకుంది. ఫోన్ అందుకుని, నా గది నాకు, నీ గది నీకు అంది. గోడ గడియారం ఐదు కావడానికి పది నిమిషాలు చూపిస్తోంది.

హా, తత్క్షణమున నా హృదయకుహరమున చెలరేగిన భయప్రభంజనమును ఏమని వర్ణింతును? పడమటికి పోయే ఓడలో దాదాపు రోజూ రాత్రి గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు. రోజుకు ఇరవై ఐదు గంటలన్నమాట. అమ్మమ్మ గుండె మాత్ర తొమ్మిదింటికి. ఏ తొమ్మిదింటికి? ఇక్కడి తొమ్మిదికా, అక్కడి తొమ్మిదికా, సముద్రం మధ్య తొమ్మిదికా? పక్కన ఏవిస్ ఉంటే గుర్తు చేస్తుంది, తిట్టి అయినా మింగిస్తుంది. ఒంటరి గదిలో ఎవరు తిడతారు?

నేనిట్లు చింతాక్రాంతనై యుండగా, బల్లక్రింద ఘోరమైన నిశ్శబ్దము పుట్టెను. పిల్లలున్నవారికి ఆ నిశ్శబ్దము తెలియును. నా పది నెలల కూతురు మేబెల్, నేలరాలిన వలస ఓడ బ్రోషరును చేజిక్కించుకొని, దాని చివరి పుటను ఖండఖండములుగా చీల్చి, నోట కుక్కుకొని నములుచుండెను. నేను మోకాళ్ల మీద దూకాను. దాని నోట్లో వేలు పెట్టి, చొంగతో తడిసిన ముక్కలు ఒక్కొక్కటీ బయటికి లాగాను. ఒక్క ముక్క గొంతులో ఉండిపోయినా ఎలా? అన్నీ టేబుల్ మీద పేర్చి, పుట పూర్తయిందో లేదో అక్షరం అక్షరం కలుపుకుంటూ చదివాను. ఒక మూల తక్కువైంది. చూస్తే ఆ మూల దాని గడ్డానికే అంటుకుని ఉంది. ఊపిరి పీల్చుకుని, ఇంతసేపూ చదివిందేమిటో అప్పుడు అర్థం చేసుకున్నాను.

“అమ్మమ్మా, ఫోన్ పెట్టెయ్,” అన్నాను. “ఆ ఓడ ఏప్రిల్లో తిరిగొస్తుంది. ఫ్లోరిడాలో బయలుదేరి, న్యూయార్కులో జనాన్ని ఎక్కించుకుని, అజోర్స్ దీవుల్లో ఒక పూట ఆగి, ఇక్కడికే వస్తుంది. మన రేవుకే.”

ఇద్దరూ ఆ తడి ముక్కల మీదికి వంగారు.

“తిరిగొస్తుందా?” అంది అమ్మమ్మ.

“రాకపోతే మళ్లీ వచ్చే ఏడు ఎలా వెళ్తుంది వదినా?”

“తెలిసీ ఇంతసేపూ చెప్పలేదేం?”

“నాకూ ఇప్పుడే తట్టింది.”

పరిహాసము చేయకుడు. ఈ ఊరి ఆడవాళ్లు మాత్రమే చేయగల పొరపాటు ఇది. ఓడలు బయలుదేరేది సాయంత్రం పూట. ఊరంతా గట్టుకు వెళ్లి చేతులూపుతుంది. అవి తిరిగి వచ్చేది తెల్లారకముందు. అప్పుడు గట్టున ఎవరూ ఉండరు. జీవితమంతా చేతులూపినవాళ్లకు ఓడ అంటే వెళ్లిపోయేది, అంతే.

“అన్నయ్య వచ్చేటప్పుడు నువ్వెప్పుడూ గట్టు మీద లేవు కదూ,” అంది ఏవిస్, మెల్లగా.

“పొద్దున్నే ఐదింటికి ఎలా వెళ్లేది, పిల్లల్ని వదిలి? కెటిల్ పెట్టి ఉంచేదాన్ని.” అమ్మమ్మ మళ్లీ కూర్చుంది. “తీసుకెళ్లమని నేను అడగనూ లేదు. రొట్టెలు కాల్చేవాడి పెళ్లానికి ఆ ఓడలో చోటెక్కడిది?”

ఏవిస్ బిస్కెట్ల పళ్లెం అమ్మమ్మ వైపు జరిపింది. మా ఇంట్లో క్షమాపణ చెప్పడం అంటే ఇదే.

అదను చూచి నేను సంధివాక్యము పలికితిని: ఏప్రిల్లో వెళ్లేది లైనర్లో, వచ్చేది వలస ఓడలో. విమానము లేదు, వ్రతభంగము లేదు, వేరు గదులు లేవు. ఎవరూ ఒప్పుకున్నట్టు కనబడలేదు. ఒప్పుకుంటే ఓడినట్టు కదా. ఏవిస్ మాత్రం ఎండ ఎంతసేపు ఉంటుందని అడిగింది. అజోర్స్‌లో ఒక్క పూట అన్నాను.

“చాల్లే. నేను ఎండ తగలకుండా క్రీము రాసుకోవడానికే పూట పడుతుంది.”

ఐదు గంటల ఇరవై రెండు నిమిషములకు క్లైవ్‌కు ఫోన్ చేశాను. నవంబరు గదులు రెండూ వదిలేసి ఏప్రిల్ వెతికాడు. రెండు ఓడల్లోనూ మా కోసమే అన్నట్టు ఒక్కొక్క గది ఉంది, ఇద్దరి పేర్ల మీదా రాశాడు. ఇక పెట్టేద్దామనగా, పాపము, ఆ మహానుభావుడు ఊరకుండక, ఒక పడక కిటికీ వైపు, ఒక పడక బాత్రూము వైపు ఉంటుంది, ఎవరికేది అని అడిగెను. చల్లారిన కురుక్షేత్రము మరల భుగ్గుమనెను. కిటికీ ఎవ్వరికిని అక్కరలేకపోయెను.

“రాత్రికి ఎన్నిసార్లు లేస్తావు నువ్వు?” అంది అమ్మమ్మ.

“రెండు.”

“నాకు మూడు.”

సంఖ్యాశాస్త్రము ముందు శౌర్యమేమి చేయగలదు? ఇట్లు చతుష్కషాయపాత్రావసానమున, ఆరు బిస్కెట్ల నష్టముతో, ఒక బ్రోషరు వీరమరణముతో, ఒకే ఒక్క లేచుట ఆధిక్యమున, ఎనిడ్ పర్కిస్ మహాదేవి, స్నానగృహద్వారసమీపశయ్యాసామ్రాజ్యమునకు పట్టాభిషిక్తురాలయ్యెను. దిక్కులు ప్రసన్నములయ్యెను. వాన మాత్రం ఆగలేదు.

ఆ పడక నుంచి బాత్రూముకు నాలుగడుగులట. క్లైవ్‌ను రెండుసార్లు అడిగి తెలుసుకున్నాను. నాలుగడుగుల్లో కూడా పడవచ్చు, నాకు తెలుసు. కానీ పడితే వినడానికి ఒక మనిషి ఉంటుంది గదిలో.

మీలో ఎవరైనా వచ్చే ఏప్రిల్లో ఆ లైనర్ ఎక్కితే నాకొక్క సాయం చెయ్యండి. ఐదో అంతస్తులో, లిఫ్టు దిగి ఎడమకు తిరిగితే మూడో తలుపు. రోజుకు ఒక్కసారి ఆ దారిన నడవండి. లోపల ఇద్దరు ముసలమ్మలు కొట్టుకుంటున్నట్టు వినబడితే ఏ బెంగా లేదు, మీ దారిన మీరు వెళ్లిపోండి. ఏ చప్పుడూ లేకపోతే మాత్రం, దయచేసి, తలుపు తట్టండి.