నడుము కింది ప్రాతినిధ్యం

దెయ్యాలకు సైతం న్యాయమైన ప్రాతినిధ్యం దక్కిన నాడే ఒక దేశం నాగరికమైనట్టు లెక్క. ఈ విషయంలో మా ఫిలిప్పీన్స్ ప్రపంచానికే దారి చూపిస్తోంది. మనీలాలో జానపద పిశాచాల గౌరవ పరిరక్షణ మండలి అని ఒకటి ఉంది. (మనుషుల గౌరవానికి వేరే మండలి ఉండేది. దాన్ని ఇందులో కలిపేశారు.)

మేం తీసింది మననంగల్ సినిమా. రాత్రయితే ఈ పిశాచి నడుము దగ్గర రెండుగా విడిపోతుంది. పై సగం రెక్కలతో గర్భిణులను వెతుక్కుంటూ ఎగిరిపోతుంది, కింది సగం అరటితోటలో నిలబడి ఉంటుంది. ఆ కాళ్ల మీద ఉప్పు పోస్తే పై సగం మళ్లీ అతుక్కోలేక తెల్లారేసరికి చస్తుంది. మా కపిస్ ప్రాంతంలో పాలుతాగే పిల్లలకీ తెలిసిన సంగతే. ఈ పిశాచాల పుట్టిల్లు కపిస్ అని దేశమంతా నమ్ముతుంది. నేను ఊరి పేరు చెబితే మనీలా బస్సుల్లో గర్భిణులు ఇప్పటికీ సీటు మారతారు.

ఈ వేషాన్ని ఇరవై ఏళ్లుగా మా ఊరి నాటకాల్లో వేస్తున్న మనిషి రొసెండా. వాళ్లమ్మకు చూపు మందగిస్తోంది. అది పూర్తిగా పోయేలోగా తెర మీద తన ముఖం అమ్మకు చూపించాలని రొసెండా ఆశ. సహాయ దర్శకుణ్ణి కదా అని మండలి ముందుకు నేనే తీసుకెళ్లాను.

"కపిస్ మనిషిని పిశాచిగా చూపిస్తే కపిస్‌కు అవమానం" అన్నారు అధ్యక్షులు పంగనిబాన్ గారు.

"పోనీ, మనీలా నటిని పెడితే?"

"కపిస్‌కు ప్రాతినిధ్యమే ఉండదు. అది ఇంకా పెద్ద అవమానం."

నెలల తరబడి ఆలోచించారు. (అరటితోటలో అడుగుపెట్టే ముందు, అలవాటు ప్రకారం, 'కాస్త దారివ్వండి పెద్దలూ' అని కంటికి కనిపించనివాళ్లనూ అడిగాం. వాళ్లు వెంటనే ఒప్పుకున్నారు.) చివరికి పై సగం మనీలా తార బియాంకాకు, కింది సగం రొసెండాకు కేటాయించారు. దేశ చరిత్రలో ఇంత కచ్చితమైన సమానత్వం లేదు.

"మరి నా ముఖం, సార్?" అంది రొసెండా.

"నడుము పైభాగం బియాంకా గారి పరిధిలోకి వస్తుందమ్మా."

రెండు సగాల రంగూ కలవాలి. తార ముఖానికి నలుపు పూస్తే నల్లవాళ్లను వెక్కిరించినట్టవుతుందని మండలి అడ్డుపడింది. అందుకని రొసెండా కాళ్లకు తెలుపు పూశారు.

"కాళ్లతో ఏం నటించనురా, తోతో?" అని తమ్ముణ్ణి అడిగినట్టే నన్నడిగింది.

"ఎదురుచూస్తూ నిలబడు, మనాంగ్" అన్నాను. మా వైపు అక్కను అలాగే పిలుస్తాం.

"అదైతే వచ్చులే. ఇరవై ఏళ్లుగా అదేగా చేస్తున్నా."

మా కపిస్ ముఖ్యపట్టణం రోహాస్‌లో సినిమా మొదటి ఆట పడింది. రొసెండా వాళ్లమ్మను ముందు వరసలో కూర్చోబెట్టాం. పంగనిబాన్ గారు ఆమె పక్కనే కూర్చున్నారు. తెర మీద అరటితోట వచ్చింది.

"అవి నా కాళ్లే, నానాయ్" అంది రొసెండా అమ్మ చెవిలో.

"పోవే ఇందాయ్, పిచ్చిపిల్లా! నేను కన్న కాళ్లు నాకు తెలీవూ? ఇవెవరో దొరసానివి. నువ్వెప్పుడొస్తావు?"

ఇంతలో తెర మీద ఆ కాళ్ల నిండా ఉప్పు పోశారు. ఇక పైది చావాల్సిందేనని హాలంతా ఊపిరి బిగబట్టింది. తెల్లారింది. బియాంకా నవ్వుతూ సూర్యుడి వైపు ఎగిరిపోయింది.

"కాళ్లు పోయాక అదెలా బతికిందయ్యా?" అని అరిచింది ముసలావిడ.

"అది కపిస్ నమ్మకం, తల్లీ" అన్నారు పంగనిబాన్ గారు ఓపిగ్గా. "ఒక ప్రాంతం నమ్మకాన్ని దేశమంతటి మీదా రుద్దకూడదు."

ఇప్పుడు ఈ సినిమాకు రెండో భాగం షూటింగ్ మొదలైంది. కింది సగం చచ్చిపోయింది కనుక అందులో రొసెండాకు వేషం లేదు. అయినా మా ప్రాంతానికి ప్రాతినిధ్యం తగ్గకూడదని మండలి గట్టిగా పట్టుబట్టింది. ఉప్పు కపిస్ నుంచే తెప్పిస్తున్నారు.